తెల్లవార్లూ ఆట

ఆసిఫాబాద్‌లో ఎవరైనా నాటకమో, బాగోతమో చూసొచ్చి ఆయన దగ్గర గొప్పగా చెప్పబోతే, ఆయన ముందుగా అడిగేది ఒకటే. ఎవరు ఆడారని కాదు. ఎట్లా ఆడారనీ కాదు.

“ఎంతసేపు ఆడిండ్రు?”

గంట అంటే పెదవి విరుస్తారు. రెండు గంటలంటే “సరే, కూసో” అంటారు. తెల్లారిందాకా అంటే మాత్రం లోపలికి కేకేసి చాయ్ పెట్టిస్తారు. ఆ చాయ్ తాగే అదృష్టం ఈ మధ్య ఎక్కువమందికి దక్కడం లేదు.

ఆయన రిటైర్డ్ టీచర్. ఊళ్ళో అందరికీ సారు. పేపర్లో పడాల్సింది ఆడేవాళ్ళ పేర్లు కానీ చూసేవాళ్ళ పేర్లు కాదని ఆయన పట్టుదల. కాబట్టి ఇక్కడా సారే. కెరమెరి, వాంకిడి, జైనూర్... సర్వీసంతా ఈ మండలాల్లోనే గడిచింది. బదిలీ ఆర్డరు వస్తే తోటి టీచర్లు కొత్త ఊళ్ళో కిరాయి ఇల్లు దొరుకుతుందా, బస్సు ఉందా అని వాకబు చేసేవారు. ఈయన మాత్రం అక్కడ ఏ ఆట ఆడతారని అడిగేవారు. “మా సారు బడి కోసం పోలేదు, బాగోతం కోసం పోయిండు” అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

ఇంత పిచ్చి ఉన్న మనిషి తాను ముఖానికి రంగేసుకుంది జీవితంలో ఒక్కసారే. అదీ పదిహేడో ఏట, సొంతూళ్ళో చిరుతల రామాయణంలో. లక్ష్మణుడి వేషం. ఇంద్రజిత్తు బాణం తగిలి మూర్ఛపోవాలి. అప్పటికి రాత్రి మూడు దాటింది. మూర్ఛపోయిన కుర్రాడు నిజంగానే నిద్రపోయాడు. రాముడు ఏడ్చాడు. హనుమంతుడు కొండ తెచ్చాడు. మందు పిండారు. లక్ష్మణుడు లేవలేదు. రాముడు చేసేదిలేక ఏడుపు పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. హార్మోనియం వాయించేవాడు అదే వరస మూడోసారి తిప్పుతుండగా, హనుమంతుడికి ఓపిక నశించి చిరుతలతో డొక్కలో పొడిచాడు. “అవ్వా, ఇంకా తెల్లారలే” అంటూ లక్ష్మణస్వామి అటు తిరిగి పడుకున్నాడట.

“ఆ రోజు జనం నవ్విన నవ్వుకు నా వేషాలు బందైనయి. చూసుడు మొదలైంది” అంటారు సారు.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెరిగినవాళ్ళకు చిరుతల రామాయణం గురించి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం నాలుగు మాటలు. చిరుతలంటే చేతిలో ఇమిడే చెక్క తాళాలు. కొసన బిగించిన బిళ్ళలు ఘల్లుమంటాయి. దీనికి స్టేజీ ఉండదు, తెర ఉండదు. నడి ఊళ్ళో పందిరి వేస్తారు. వేషగాళ్ళంతా గుండ్రంగా తిరుగుతూ, అడుగు వేస్తూ, పాడుతూ కథ నడిపిస్తారు. కథలో తన వంతు వచ్చినవాడు వలయం మధ్యలోకి వస్తాడు. వంతు అయిపోగానే మళ్ళీ వలయంలో కలుస్తాడు. రాముడైనా అంతే, రాక్షసుడైనా అంతే.

నేర్పడానికి ఒక గురువు వస్తాడు. ఆయన దగ్గర చేత్తో రాసుకున్న పుస్తకం ఉంటుంది. పాటలు, వరసలు, అడుగులు అన్నీ అందులోనే. పగలంతా దుక్కి దున్నినవాళ్ళు, బీడీలు చుట్టినవాళ్ళు, గొర్లు కాసినవాళ్ళు రాత్రి బువ్వ తిని పందిట్లోకి చేరతారు. నెలల తరబడి నేర్చుకుంటారు. చదువు రానివాడు విని పట్టుకుంటాడు. గురువుకు తిండి వంతులవారీగా ఇళ్ళనుంచి వెళుతుంది. అడుగు తప్పినవాడి కాలిమీద చిరుత దెబ్బ పడుతుంది. ఇంత చేసి చివరికి ఆడేది కొన్ని రాత్రులు. పట్టాభిషేకం రోజున రాముడి ముందు ఊరంతా కట్నాలు చదివిస్తుంది. ఎవరు ఎంత ఇచ్చారో గట్టిగా పేరు పెట్టి చెబుతారు. పావలా ఇచ్చినా పేరు పేరే.

వేషంలో ఉన్నన్నాళ్ళూ రాముడికి ఊరిపెద్ద కూడా దండం పెట్టేవాడు. ఆ రాముడు తెల్లవారి అదే పెద్దమనిషి పొలంలో కూలికి వెళ్ళేవాడు. “రాత్రి దండం పెట్టినోడు పొద్దున్నే ‘ఒరేయ్’ అని పిలవాలంటే నాలుక తడబడేది. నేను చూసిన” అని సారు చెబుతారు. కులాల గోడలు ఒక్క ఆటతో కూలాయని ఆయన అనరు. కానీ ఆ తడబాటు అబద్ధం కాదంటారు.

ఇంతకీ తెల్లవార్లూ ఎందుకు? కథ చెప్పడానికైతే రెండు గంటలు చాలవా?

ఈ ప్రశ్న వేస్తే సారు కుర్చీలో సర్దుక్కూర్చుంటారు. రాత్రి ఆటకు జనం చాపలు, బొంతలు పట్టుకుని వచ్చేవారు. పిల్లలు తొమ్మిదింటికే నిద్రపోయేవారు. లంకాదహనం వేళకు తల్లి తట్టి లేపేది. కళ్ళు నులుముకుంటూ చూసిన పిల్లవాడికి ఆ మంట, ఆ తోక, ఆ డోలు కలలో వచ్చాయో నిజంగా జరిగాయో తెలిసేది కాదు. నడిరాత్రి దాటాక ఆడేవాడికీ చూసేవాడికీ ఒంట్లో ఉన్న బిగువంతా పోతుంది. సిగ్గు పోతుంది. రెండు గంటల వేళ ఏడ్చే సీత ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేది నటన బాగుందని కాదు. పగలు ఏడవడానికి వీలుపడనివి ఎన్నో ఉంటాయి వాళ్ళకు. ఆ వేళకు ఎవరి ఏడుపు ఎవరిదో ఎవరూ అడగరు.

సారు లెక్క కొంచెం మొండిదేననుకోండి. నలభై నిమిషాల్లో గుండె పిండేసే నాటికలు మనకు లేవా? పరిషత్తు పోటీలు చూసినవాళ్ళెవరూ ఈ మాట ఒప్పుకోరు. ఆయనా ఆ నాటికల్ని తీసిపారెయ్యరు. చెప్పుకోదగ్గవి చాలా చూశారు కూడా. “అది మందు గోలి. ఇది బువ్వ. మందు గోలితోని జరం తగ్గుతది, కడుపు నిండదు” అని తేల్చేస్తారు.

రాత్రి చిక్కిపోవడం ఎప్పుడు మొదలైందో ఆయనకు బాగా గుర్తు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున. ఊరికి ఒకటో రెండో టీవీలు. వాకిట్లో పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించి చూశారు జనం. సారూ చూశారు. తప్పేముంది, బాగానే తీశారు. అయితే ఆ ఏడాదిన్నరలో రామాయణం రాత్రి నుంచి పొద్దుటికి మారింది. తెల్లవార్లూ సాగేది వారానికి గంట కూడా లేకుండా పోయింది. ఆ తర్వాత ఆడిన చిరుతల రామాయణంలో రాముడు టీవీ రాముడిలా చిరునవ్వు నవ్వడం మొదలుపెట్టాడట. “మా రాముడు అట్ల నవ్వడు. మా రాముడికి గొంతు ఎక్కువ, నవ్వు తక్కువ” అని ఆయన ఫిర్యాదు.

ఒగ్గు కథదీ ఇదే సంగతి. బీరప్ప కథ, మల్లన్న కథ రాత్రులు రాత్రులు సాగేవి. వేములవాడ దగ్గరి హనుమాజీపేట పేరు చెప్పగానే అందరూ జ్ఞానపీఠం అందుకున్న సినారె పుట్టిన ఊరంటారు. సారుకు మాత్రం అది ముందు మిద్దె రాములు ఊరు. 2010లో కన్నుమూసిన ఆ ఒగ్గు కథకుడు ఒక్క మనిషే పదిమంది అయ్యేవాడని ఆయన మురిసిపోతారు. ఒకే ఊరు ఒక మహాకవినీ ఒక మహా కథకుడినీ కనడం యాదృచ్ఛికం కాదని ఆయన నమ్మకం. రాత్రంతా కథ విన్న ఊళ్ళో పిల్లలకు మాట ఊరికే అబ్బుతుందట. పల్లెలో విన్న హరికథలు, జంగం కథలే తనను కవిత్వం వైపు నడిపించాయని సినారె కూడా చెప్పుకున్నవారే.

ఇక ఈ జిల్లాలో ఉంటూ దండారీ గురించి మాట్లాడకపోతే ఎట్లా?

జోడేఘాట్‌లో 1940లో కుమురం భీం నేలకొరిగిన రోజును గోండులు ఆశ్వయుజ పౌర్ణమికి జరుపుకుంటారు. ఆ వెన్నెల తరిగిపోతుండగానే గూడేల్లో గజ్జెలు మోగుతాయి. దీపావళి దాకా దండారీ పండుగే. ఒక గూడెం బృందం ఇంకో గూడేనికి అతిథిగా వెళుతుంది. వచ్చినవాళ్ళకు కాళ్ళు కడిగి, బువ్వ పెట్టి, రాత్రంతా ఆడతారు. గుస్సాడీలంటే అందరికీ తెలుసు. తలమీద నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, దానిమీద చుక్కలు, భుజాన జంతు చర్మం, గజ్జెలు, చేతిలో కర్ర. గుమేల, డోలు, తుడుం, పెప్రె మోగుతుంటే ఆ అడుగు చూడాలి. పండుగ అయ్యేదాకా గుస్సాడీ స్నానం చెయ్యడు. ఆ రోజుల్లో అతను మనిషి కాదు, దేవుడు. అతని కర్ర తగిలితే నొప్పులు పోతాయని నమ్మకం.

నాటకాభిమానికి దీంట్లో ఇంకో రుచి కూడా ఉంది. దేవుడి ఆట ఒకపక్క సాగుతుంటే ఆడవేషం కట్టిన కుర్రాళ్ళు ఇంకోపక్క నవ్విస్తుంటారు. రాత్రి బాగా ముదిరాక హాస్యపు ఆటలు పడతాయి. అటవీ శాఖ వాళ్ళ నుంచి షావుకారు దాకా ఎవరినైనా ఆడిపోసుకోవచ్చు. జైనూర్‌లో పనిచేసిన తొలి ఏడాది సారుకు గోండీ ముక్క రాదు. అయినా నవ్వారు. “పక్కోడు నవ్వుతుంటే నవ్విన. తర్వాత తెలిసింది, ఆ ఆటల వెక్కిరించింది టీచర్నే” అని చెప్పి ఇప్పుడు మళ్ళీ నవ్వుతారు. బడికి ఆలస్యంగా వచ్చి, కుర్చీలో కునికి, సంతకం పెట్టి పోయే సారు వేషమది. మర్నాటి నుంచి ఆయన గంట ముందే బడికి పోయారట. ఇన్‌స్పెక్టరు చెయ్యలేని పని పదిహేనేళ్ళ కుర్రాడు చేశాడు.

జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు కాపురమున్న ఊరు. గుస్సాడీ గురువు కనకరాజుది కూడా అదే ఊరు. అడవిలో ఆడే అడుగును ఇందిరాగాంధీ కాలంలోనే ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకెళ్ళిన మనిషి. దశాబ్దాలపాటు కుర్రాళ్ళకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది.

గుస్సాడీని స్టేజీ ఎక్కించడం సారుకు మొదట్లో బొత్తిగా గిట్టేది కాదు. మంత్రి వస్తే గుస్సాడీ, కలెక్టర్ వస్తే గుస్సాడీ, షామియానా ఉంటే గుస్సాడీ! దీపావళి కాదు, దేవుడు లేడు, అతిథి గూడెం లేదు. కార్యక్రమాల పట్టికలో పది నిమిషాలు. అందులోనూ అయిదో నిమిషానికి “సార్ వస్తున్నారు, జర ఆపండి” అని మైకులో కేక. ఒకసారి అట్లా ఆగిపోయిన అడుగును చూసి ఆయన సభలోంచి లేచి వచ్చేశారు.

సమయం ఒకటే కాదు. ఆయన పట్టుకున్న ఇంకో తేడా ఉంది. గూడెంలో ఆటకు ముందు, వెనక అంటూ ఉండవు. జనం చుట్టూ ఉంటారు. గుస్సాడీ ఎటు తిరిగినా ఎదురుగా మనిషే. స్టేజీ మీద అట్లా కాదు. వెనక బ్యానరు, ముందు వీఐపీ కుర్చీలు. వలయంగా తిరగాల్సిన ఆట ఒకే వైపు ముఖం పెట్టి వరసలో నిలబడుతుంది. చుట్టూ తిరిగే కాళ్ళు పక్కకు జరగడం నేర్చుకుంటాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. ఫోటోలో అందరి ముఖాలూ పడాలి మరి!

2021 పద్మశ్రీ ఆయనను కొంత మెత్తబరిచింది. కనకరాజు ఢిల్లీ స్టేజీ ఎక్కకపోయి ఉంటే, హైదరాబాద్‌లోనే ఎంతమందికి మార్లవాయి పేరు తెలిసేది? స్టేజీ మీద పది నిమిషాలు ఆడినవాడు పండుగనాడు గూడెంలో పది రాత్రులూ ఆడుతూనే ఉన్నాడు కదా. ఆ పది నిమిషాలకు వచ్చే డబ్బు, గౌరవం చూసి కుర్రాళ్ళు గజ్జె కడుతున్నారు కదా. “గూడెం ఉన్నన్ని రోజులు స్టేజీతోని ఫికర్ లేదు. స్టేజీ ఉండి గూడెం పోయిననాడే కష్టం” అని ఇప్పుడాయన మాట. కనకరాజు 2024 అక్టోబరు చివర్లో, దీపావళి ముంగిట కన్నుమూశారు. దండారీలు ఊళ్ళు తిరిగే రోజులవి. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి సారు కాసేపు మాట్లాడరు.

మళ్ళీ మాటలు మొదలుపెట్టింది కోపంతో. “జనానికి టైం లేదు” అన్న మాట వింటే ఆయనకు వచ్చే కోపం అంతా ఇంతా కాదు. ఎవరైనా ఆ మాటంటే జేబులోంచి చిరిగిన టికెట్ ముక్క తీసి చూపిస్తారు. అది మరాఠీలో ఉంటుంది.

ఆసిఫాబాద్ నుంచి వాంకిడి దాటితే మహారాష్ట్ర. ఒకప్పుడు రాజురా, కిన్వట్ కూడా ఆదిలాబాద్ జిల్లావే. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు అటు వెళ్ళాయి. మనుషులు, బంధుత్వాలు మాత్రం ఇటూ అటూ కలిసే ఉన్నాయి. ఆ పక్కన చంద్రపూర్, గడ్చిరోలి, గోందియా, భండారా జిల్లాల అటవీ ప్రాంతాన్ని ఝాడీపట్టి అంటారు. ఝాడీ అంటే అడవే. అక్కడ ‘ఝాడీపట్టి రంగభూమి’ అని ఒక నాటకరంగం ఉంది. ముంబయి, పుణె నాటకాల వాళ్ళు చాలాకాలం దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. దీపావళి దాటి వరికోతలు అయ్యాక మొదలవుతుంది. చలికాలమంతా పల్లెపల్లెనా నాటకమే. టికెట్ కొనుక్కుని, దుప్పటి కప్పుకుని, వేలమంది తెల్లవార్లూ కూర్చుని చూస్తారు. గడ్చిరోలి జిల్లాలోని వడసా ఈ కంపెనీలకు అడ్డా. ఈ రంగంలోనే జీవితమంతా గడిపిన పరశురాం ఖుణేకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

పత్తి అమ్మిన డబ్బుతో కొడుకు కొనిచ్చిన స్వెట్టర్ తొడుక్కుని సారు ఏటా ఒక్కసారైనా బస్సెక్కి అటు పోతారు. చిన్నప్పుడు ఇరుగుపొరుగు మరాఠీ వాళ్ళ దగ్గర నేర్చిన భాష ఆయనకు అక్కరకొస్తుంది. ఆ నాటకాల్లో అన్నీ గొప్పవేమీ కావు. కోడలి కష్టాలు, తాగుబోతు మొగుళ్ళు, మధ్యలో సినిమా పాటకు డాన్సు... ఆ డాన్సు వచ్చినప్పుడు బయటికి పోయి బజ్జీ తిని వస్తారు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి తల్లి పాత్ర ఇల్లు విడిచిపోతుంటే, పక్కన కూర్చున్న ముసలి రైతు “పోవద్దమ్మా” అని స్టేజీ వైపు అరవడం ఆయన చెవులారా విన్నారు. ఆ అరుపు కోసం ఎన్ని డాన్సులైనా ఓర్చుకోవచ్చట.

పక్క జిల్లాలో బతికింది మన దగ్గర ఎందుకు బతకలేదు? సారు దగ్గర దీనికో జవాబుంది. అందరూ ఒప్పుకునే జవాబు కాదు. అక్కడ నాటకాన్ని ఊరు కొంటుంది. ఊళ్ళో కుర్రాళ్ళ మండలి కంపెనీతో మాట్లాడుకుని, అడ్వాన్సు ఇచ్చి, టికెట్లు అమ్ముతుంది. లాభమొస్తే ఊరిది, నష్టమొస్తే ఊరిదే. అందుకే జనాన్ని రప్పించే బాధ ఊరికి ఉంటుంది. మన దగ్గర ప్రదర్శన అంటే ప్రభుత్వమో, పార్టీయో, సంస్థో పెట్టించాలి. జనానికి ఫ్రీ. “ఫ్రీగ వచ్చింది ఎవ్వలది గాదు. ఆపేస్తే అడిగేటోడు ఉండడు. చిరుతల ఆటకు పావలా కట్నం చదివించినోడు గురువును నిలదీసేటోడు, రాముడు సరిగ్గ పాడలేదని!”

కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే నాలుగు రూపాయలు కూడా లేకపోతే ఎట్లా బతుకుతారని ఎదురు ప్రశ్న వేయవచ్చు. చిందు, ఒగ్గు కుటుంబాల పరిస్థితి తెలిసినవాళ్ళెవరైనా వేస్తారు. ఆ మాట వచ్చినప్పుడు సారు వాదించరు. “అది నిజమే. నేను పింఛనొచ్చేటోన్ని, నాకేం, ఎన్నైనా చెప్త” అంటారు.

ఆయన ఇంట్లో బీరువాలో, సర్టిఫికెట్ల పక్కన, ఎర్రగుడ్డలో చుట్టిన ఒక నోట్‌బుక్ ఉంది. సొంతూరికి చిరుతలు నేర్పిన గురువుది. మూర్ఛపోయి నిద్రపోయిన లక్ష్మణుడిని తిట్టింది కూడా ఆ గురువే. పోయేముందు పిలిచి ఇచ్చారు. కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. పాట ఉంది కానీ వరస ఎట్లాగో రాసి లేదు. వరసలు తెలిసినవాళ్ళు ఊళ్ళో ముగ్గురే మిగిలారు. ఒకాయనకు పళ్ళు లేక పాట అర్థం కాదు. ఇంకొకాయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటూ ఫోన్లో పాడి వినిపిస్తారు. వలయంలో తిరిగిన మిగతావాళ్ళలో కొందరు గల్ఫ్‌కు పోయి ఎప్పుడొస్తారో తెలియదు, కొందరు ఎప్పటికీ రారు.

ఈ ఏడు పత్తి ఏరడం అయ్యాక, శ్రీరామనవమికి ఒక్క రాత్రైనా ఆడించాలని సారు పట్టుబట్టారు. రామాయణమంతా కాదు, అశోకవనం నుంచి లంకాదహనం దాకా. ఊరిపెద్దలు సంతోషించారు. గుడి ముందు పందిరి వేస్తామన్నారు, మైకు సెట్టు పెట్టిస్తామన్నారు. ఎంతసేపు అని అడిగారు. తెల్లవార్లూ అన్నారు సారు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు గంటలు చాలన్నారు. పొద్దున్నే పనులున్నాయి, పిల్లలకు పరీక్షలున్నాయి, అంతసేపు ఎవరు కూర్చుంటారు? బేరం మొదలైంది. తహసీల్ ఆఫీసులో కూడా అంత బేరం జరిగి ఉండదు. చివరికి రాత్రి ఒంటిగంట దగ్గర ఆగింది. జనం ఇంకా కూర్చుని ఉంటే ఆపకూడదన్న షరతు ఒకటి సారు పెట్టారు. పెద్దలు ఒప్పుకున్నారు, ఎవరూ కూర్చోరన్న ధైర్యంతో.

నేర్చుకోవడానికి పద్నాలుగు మంది పేర్లిచ్చారు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో షిఫ్టు పడి ఇద్దరు మానేశారు. సెల్‌ఫోన్లో వీడియో తీసి వరస గుర్తుపెట్టుకుంటామని కుర్రాళ్ళంటే సారు మొదట కసురుకుని తర్వాత సరేనన్నారు. చెదలు తిన్న పేజీల కంటే అదే నయం. రాముడు దొరికాడు, ఆటో నడుపుతాడు, గొంతు బాగుంది. రావణుడికి ఇద్దరు పోటీ పడుతున్నారు. హనుమంతుడికి లోటే లేదు.

సీతే దొరకలేదు. ఒకప్పుడు మీసాలు రాని కుర్రాళ్ళు ఆ వేషానికి ఎగబడేవారు. ఇప్పుడు చీర కట్టుకుంటే ఫోటో తీసి ఫోన్లలో పెడతారని భయం. అశోకవనమే సీతది. ఆమె లేకుండా ఆట లేదు.

పందిట్లో నాలుగో రోజో అయిదో రోజో, అడుగులు చూడ్డానికి వచ్చి అరుగుమీద కూర్చునే ఇంటర్ చదివే అమ్మాయి “నేను వెయ్యొచ్చా సార్?” అని అడిగింది. చిరుతల ఆటలో ఆ ఊళ్ళో ఇంతవరకూ ఆడపిల్ల అడుగు పెట్టలేదు. కుర్రాళ్ళు అడుగు ఆపేశారు. అమ్మాయి తండ్రి అక్కడే ఉన్నాడు, ఏమీ అనలేదు. పెద్దలకు చెబితే ఇది ఆనవాయితీ కాదన్నారు. సారు వాళ్ళకు బోధన్ వైపు చిందు ఎల్లమ్మ గురించి చెప్పారు. 2005లో పోయేదాకా ఆ బాగోతానికి ప్రాణంగా నిలిచిన మనిషి, ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టి జనాన్ని కట్టిపడేసింది. “వాళ్ళ ఆట వేరు, మన ఆట వేరు” అన్నారు పెద్దలు. కొంతసేపటికి, ఆలోచించి చెబుతామన్నారు.

ఇంకా చెప్పలేదు. ఈలోపు సారు ఎర్రగుడ్డ విప్పి, నోట్‌బుక్‌లోంచి అశోకవనం పాటలన్నీ తెల్ల కాగితాల మీద గుండ్రటి అక్షరాలతో ఎత్తిరాసి ఆ అమ్మాయికి ఇచ్చారు. పదకొండు పేజీలు వచ్చాయి.